ఫేస్‌బుక్ పేజీకి తాళం పడితే మీ ఫొటోల సంగతేంటి?

మీకు బాన్సువాడలో టైలరింగ్ షాపు ఉందనుకోండి. ఐదేళ్లుగా కుట్టిన ప్రతి బ్లౌజు ఫొటో ఫేస్‌బుక్ పేజీలో పెట్టారు. ఫోన్ మార్చినప్పుడు పాతవి పోయినా, ‘పేజీలో ఉన్నాయిలే’ అనుకున్నారు. ఒకరోజు లాగిన్ కావడం లేదు. అప్పుడెలా?

ఫొటోలపై హక్కు మీదే. కంపెనీ నిబంధనల్లోనే ఆ మాట ఉంటుంది. కానీ అవి ఉన్నది వాళ్ల సర్వర్‌లో. అద్దె షట్టర్‌లో సామాను పెట్టినట్టే. సామాను మీది, తాళం ఓనరుది.

ఇలా తాళాలు పడ్డాయి కూడా. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న మూతపడ్డాయి. వాటికి ముందుగా గడువు ఇచ్చారు. టిక్‌టాక్‌కు అదీ లేదు. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధిస్తే, మర్నాటికే అది యాప్ స్టోర్లలో లేదు. తెలుగులోనూ నడిచిన ‘కూ’ 2024లో ఆగిపోయింది.

అందుకే కాపీ ముందే తీసుకోండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ సెంటర్‌లో మీ సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే ఆప్షన్ ఉంది. యూట్యూబ్‌కు గూగుల్ టేకౌట్. ఫైల్ సిద్ధమయ్యాక లింకు కొన్ని రోజులే పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంట్లో కంప్యూటర్‌లో ఒకటి దాచండి. ఫాలోవర్ల ఫోన్ నంబర్లు మాత్రం అందులో రావు. కస్టమర్ల నంబర్లు నోట్‌బుక్‌లో రాసుకోవడమే మంచిది.

చట్టం సాయపడదా అంటే, కొంతవరకే. మన డేటాను ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి తీసుకెళ్లే హక్కు 2019 నాటి బిల్లులో ఉంది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో లేదు.

సొంత వెబ్‌సైట్ పెడితే ‘డాట్ ఇన్’ పేరు తీసుకోవచ్చు, తెలుగు లిపిలో ‘.భారత్’ కూడా దొరుకుతుంది. ఏటా ఫీజు కట్టాలి. అసలు చిక్కు ఎక్కడంటే, చాలామంది సైట్ చేసిచ్చిన కుర్రాడి మెయిల్‌తోనే పేరు రిజిస్టర్ చేయిస్తారు. అప్పుడు షట్టర్ మారింది, ఓనర్ మారాడు, అంతే. మీ పేరు, మీ మెయిల్, మీ ఫోన్ నంబర్‌తోనే చేయించండి.

అకౌంట్ ఇప్పటికే ఆపేసి ఉంటే ముందుగా ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదు చేయాలి. ఐటీ నిబంధనల ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 7 రోజుల్లో పరిష్కరించాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీల్ చేసుకోవచ్చు. వెబ్‌సైట్: జీఏసీ డాట్ జీవోవీ డాట్ ఇన్. ఫిర్యాదు నంబర్, కంపెనీ ఇచ్చిన జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.