చౌమహల్లా ప్రాసాద సందర్శనము



మన దివిసీమవారికి రాజగృహ మనగానే చల్లపల్లి కోట మనసున మెదలును. దాని గోడల ప్రక్కనుండి పోయి వచ్చినవారు మీలో ననేకులు. నేను నేడు చెప్పబోవునది మఱియొక రాజగృహమును గూర్చి. అది మనకు మూడువందల కిలోమీటరులకు పైబడిన దూరమున, హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారునకు సమీపమున నున్నది. దాని పేరు చౌమహల్లా. దానిని మొదలిడిన ప్రభువే మన బందరు సీమను ఒక పత్రముతో పరులకు ధారవోసినవాడు. కావున ఆ యిల్లు మనకు పరాయి యిల్లు కాదు.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పితిని. చరిత్ర చెప్పు మాస్టరుగారు సెలవు పెట్టిన దినములలో ఆ పాఠము కూడ నామీదనే పడెడిది. 1759లో సలాబతు జంగు బందరు సర్కారును ఇంగ్లీషువారి కిచ్చెనను వాక్యమును ఎన్ని తరగతులచేత వల్లె వేయించితినో లెక్కలేదు. ఆ సలాబతు జంగు ఎట్టివాడో, ఎచ్చట నుండెడివాడో ఒక్కనాడును విచారింపనైతిని. క్రిందటి మాఘమాసమున మనుమని చూచుటకై హైదరాబాదు పోయినపుడు, వాడే నన్ను వెంటబెట్టుకొని చౌమహల్లాకు తీసికొనిపోయెను.

ముందుగా పేరును గూర్చి రెండు మాటలు. చౌ యనగా నాలుగు. మనము చౌరస్తా, చౌకము అను మాటలలో దీనినే వాడుచున్నాము. సంస్కృతమున చతుశ్శబ్దమే ఇట్లు రూపుమారినది. మహల్లా యనునది మహలు శబ్దమునకు బహువచనము. నాలుగు మేడల సముదాయమని అర్థము. మన శిల్పశాస్త్రములలో నడుమ ముంగిలి, నలుదిక్కుల శాలలు గల యింటిని చతుశ్శాల యందురు. మన పెద్దలు కట్టిన మండువా లోగిలియు అదియే. నడుమ ఆకాశము కనబడుచుండగా నాలుగు వసారాలు ఒకదాని మొగము నొకటి చూచుచుండును. చౌమహల్లా రాజులకు తగినట్లు పెంచిన మండువా లోగిలి యని తలచినచో దాని పొందిక మీకు సులువుగా బోధపడును.

ఈ నిర్మాణమునకు 18వ శతాబ్ది మధ్యమున సలాబతు జంగు పునాది వేసెననియు, అయిదవ అసఫ్ జాహీ ప్రభువైన అఫ్జలుద్దౌలా కాలమున, 1857కును 1869కిని నడుమ పూర్తి యయ్యెననియు చెప్పుదురు. నూఱేండ్లకు పైగా సాగిన పని యగుటచే ఒక్కచో మొగలాయి గుమ్మటములు, ఒక్కచో పారశీకపు కమానులు, వేరొకచో ఐరోపా పద్ధతి స్తంభములు కానవచ్చును. మొదట 45 ఎకరముల ఆవరణ యుండెడిదట. నేడు మిగిలినది 12 ఎకరముల ప్రాంతము.

ఆ సంవత్సరములను మన సంవత్సరములతో కలిపి చూడుడు. బెజవాడయొద్ద కృష్ణ కానకట్ట 1855లో ముగిసినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీదికి సముద్రము వచ్చి ముప్పదివేలమంది వఱకు పొట్టబెట్టుకొన్నది. అచ్చట మేడలకు తుదిమెఱుగులు దిద్దుచున్న యేండ్లలోనే ఇచ్చట మనవారు కాలువనీటికి మురియుటయు, ఉప్పునీటికి బలియగుటయు జరిగినది. అప్పటికే ఆ ప్రభువునకును మనకును సంబంధము తెగి చాల కాలమైనది.

ఇక లోపలికి పోదము. టిక్కెట్టు తీసికొని ఉత్తరపు ముంగిట అడుగిడగానే పొడవైన కొలను, దానిలో జలయంత్రములు, ఇరుప్రక్కల పచ్చిక, చెట్లవరుసలు కనబడును. కొలనునకు ఒక ప్రక్క బడా ఇమాం అను గదుల వరుస. పూర్వము అది కచ్చేరీ. ఎదుటి ప్రక్క అద్దములో ప్రతిబింబమువలె శీషే ఆలాతు అను మఱియొక వరుస. అతిథులతో వచ్చిన ఉద్యోగులు అందు బస చేసెడివారు. ద్వారముమీది గడియారము రెండున్నర శతాబ్దములుగా నడచుచున్నదని, దానికి ఒక్క కుటుంబమువారే తరతరములుగా కీ ఇచ్చుచున్నారని అచ్చటివారు చెప్పుదురు.

కొలను చివర నున్నది ఖిల్వతు ముబారకు, అనగా దర్బారు మందిరము. స్తంభముల నడుమ తెల్లని చలువరాతి వేదిక గలదు. ప్రభువు ఆసనమును దానిపై నుంచెడివారు. పైకప్పునుండి 19 గాజు దీపగుచ్ఛములు వ్రేలాడుచున్నవి. అవి బెల్జియము దేశపు గాజు. తలయెత్తి చూచినపుడు దీపములకంటె పైకప్పు గచ్చుపని నాకు మిన్నగా తోచినది. లతలు, పువ్వులు, ఆకులు వెన్నలో దిద్దినట్లున్నవి. అది రాయి కాదు, సున్నము. మన తాతలు గానుగలో త్రిప్పి, బెల్లపునీరును కరక్కాయ కషాయమును చేర్చి గచ్చు చేసిన విధము మీలో కొందరికైనను తెలియును. ఆ విద్యయే అచ్చట పరాకాష్ఠ నందినది.

ఉద్యానమును గూర్చి కొంత వివరింపవలెను. మొగలాయిలు పారశీకమునుండి తెచ్చిన తోటపద్ధతికి చార్‌బాగు అని పేరు. తోటను నీటిపాయలతో నాలుగు మడులుగా విభజించి, నడుమ కొలను నుంతురు. బాబరు పాదుషా దీనిని మన దేశమున నెలకొల్పెను. ఆగ్రాలోని తాజమహలు ముందటి తోట ఈ పద్ధతిదే. చౌమహల్లా తోటలలోను ఆ పోలిక కలదు. ఇది కంటికింపునకు మాత్రమే కాదు. ఎండ వేడిమికి నీరు ఆవిరియగునపుడు చుట్టు గాలిలోని వేడిని గ్రహించును. ఆ గాలి కమానులగుండ వసారాలలోనికి వీచి గదులను చల్లబఱచును. మన మట్టికూజలో నీరు చల్లబడునదియు నీ న్యాయముననే. ఇక జలయంత్రమందురా, నీరు తన మట్టమును తాను వెదకికొనును. ఎత్తున నున్న తొట్టినుండి గొట్టముద్వారా క్రిందికి వచ్చిన నీరు సన్నని రంధ్రము దొరకగానే పైకెగయును. బెజవాడ ఎత్తునుండి వాలు వెంబడి మన పొలములకు నీరు వచ్చుటకును, రాజుగారి కొలనులో నీరు చిమ్ముటకును మూలము ఒక్కటే. ఒకచో అది వరిపైరైనది, ఒకచో వినోదమైనది.

దక్షిణపు ముంగిలిలో నాలుగు మేడలు గలవు: అఫ్జలు మహలు, తహ్నియతు మహలు, మహతాబు మహలు, ఆఫ్తాబు మహలు. ఆఫ్తాబు అనగా సూర్యుడు, మహతాబు అనగా చంద్రుడు. నాలుగింటిలో రెండంతస్తుల ఆఫ్తాబు మహలు పెద్దది. ప్రభువుల వస్త్రములు, ఆయుధములు, పింగాణీ, బగ్గీలు, పాత మోటారుకారులు ప్రదర్శనకు పెట్టియున్నవి. వీనిని మనుమడు కోరికతో చూచెను. నేను తోటలో ఒక చెట్టునీడను కూర్చుంటిని. నా తలపు 1759 మీదికి పోయినది.

1750లో బందరు ఫ్రెంచివారి చేత చిక్కినది. 1753లో సలాబతు జంగు తన సింహాసనమును కాపాడుచున్న బుస్సీ సైన్యపు ఖర్చునకై ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి కొప్పగించెను. 1759 ఏప్రిల్ 8వ తేదీ వేకువకు ఇంగ్లీషు సేనాని ఫోర్డు బందరు కోటను పట్టుకొనెను. ఫ్రెంచివారికి సాయముగా పెద్ద సేనతో వచ్చుచున్న సలాబతు జంగు దగ్గఱలోనే విడిసియుండెను. కోట పడిపోయినదని తెలియగానే మనసు మార్చుకొని, మే 14వ తేదీని బందరు సర్కారును, నిజాంపట్నము సర్కారును, మఱికొన్ని పరగణాలను ఇంగ్లీషువారికి ఇనాముగా వ్రాసియిచ్చెను. ఆయన తమ్ముడు నిజాము అలీఖాను కొద్ది యేండ్లకే ఆయనను పదభ్రష్టుని చేసెను. 1763లో బీదరు కోటలో బందీగా మరణించెను. తాను మొదలిడిన మేడలు పూర్తియగుట ఆయన చూడలేదు. 1766 ఒడంబడికతో తక్కిన సర్కారులును ఇంగ్లీషువారి వశమాయెను. గుంటూరు 1788లో వారి చేరినది.

మన పొలములు, మన గ్రామములు, మన ముత్తాతల శిస్తులు ఒక డేరాలో చేతులు మాఱినవి. దుక్కి దున్నువాని నెవరును అడుగలేదు. ఒక్క భాష మాటలాడు జనము రెండేలుబడుల క్రింద పడుటకు అది మొదటి గీటు అని నాకు తోచినది. 1956లో ఆ గీటు చెఱిగి ఒక్క రాష్ట్రమైనది. 2014లో మరల రెండైనవి. నేను బడిలో ఒక్క వాక్యముగా చెప్పి ముగించిన దానిలో ఇంత యున్నది.

మఱి యిట్టి ప్రభువుల యిల్లు నిలిచిన నేమి, కూలిన నేమి యని మీరడుగవచ్చును. నేనును అట్లే అనుకొంటిని. కాని దాని తరువాతి కథ వినుడు. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైనది. 1967లో ఏడవ నిజాము గతించిన పిదప ఆయన మనుమడు ముకరంజా వారసుడై, తరువాత ఆస్ట్రేలియాలో కాపురముండెను. తగాదాలతో మేడలు మూతపడి గోడలు పెచ్చులూడెను. 2000 ప్రాంతమున ఆయన మొదటి భార్య ఎస్రా రాకుమారి పూనుకొని బాగుచేయింప నారంభించెను. రాహుల్ మెహరోత్రా అను వాస్తుశిల్పి ఆ పనిలో తోడ్పడెను. 2005లో ప్రజలకు ప్రవేశము కలిగినది. 2010లో యునెస్కో సంస్థ ఆ పనిని మెచ్చి పురస్కార మిచ్చెను. ముకరంజా 2023 జనవరిలో ఇస్తాంబులులో మరణింపగా, ఆయన భౌతికకాయమును ఈ మేడలోనే జనుల దర్శనార్థ ముంచి, మక్కామసీదులో ఖననము చేసిరి. నాడు సామాన్యుడు తొంగిచూడరాని చోట నేడు అవనిగడ్డ పంతులు టిక్కెట్టు కొని చెట్టునీడను కూర్చుండెను. రాజుల సొత్తు జనుల పాఠశాల యగుటకంటె మంచి గతి యేమున్నది?

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలెను. మా తాతగారు కట్టించిన మండువా లోగిలి యొకటి అవనిగడ్డలో నుండెడిది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గాలికి ఊరిలో ఇండ్లెన్నో నేలమట్టమైనను, ఆ టేకు దూలములు కదలలేదు. వీధివారనేకులు ఆ రాత్రి మా వసారాలలో ప్రాణములు నిలుపుకొనిరి. నేను అప్పుడు కుఱ్ఱవాడను; పసిబిడ్డలను అటకమీది కందించినవాడను. అట్టి యింటిని, కారుచున్నదను మిషతో, పదియేండ్ల క్రిందట నేనే విప్పించి కలప వ్యాపారికిచ్చితిని. అటకమీద తాటియాకు గ్రంథముల మూట యొకటి యుండెను. చెదపట్టినదని దానిని కృష్ణలో కలిపితిని. భాషాప్రవీణ చదివిన నేను ఒక్క కట్టయైన విప్పి, అది యే గ్రంథమో చూడలేదు. చౌమహల్లాలో పూర్వము ప్రభువుల వ్రాతప్రతుల నుంచిన మందిరము ముందు నిలిచినపుడు ఆ మూట నా కన్నులకు కట్టినది. తాతా, మన యింటిలో నేమేమి యుండెడివని మనుమడడిగెను. నాకు సమాధానము లేకపోయెను.

కావున పెద్దలకు నా మనవి. మీ యూర పాత లోగిలి యున్నచో, విప్పుటకు ముందు ఒక్క సంవత్సరము ఆలోచింపుడు. సున్నపు గోడలకు సిమెంటు పూయకుడు. సున్నము తేమను వెలికి పోనిచ్చును, సిమెంటు దానిని లోననే బంధించి గోడను కుళ్ళించును. తాటియాకు గ్రంథములున్నచో దుమ్ము దులిపి, నిమ్మగడ్డినూనె పలుచగా రాచి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, చదువ నేర్చినవారికి చూపుడు. పాత దస్తావేజులను, కరణముల లెక్కలను చిత్తు కాగితములవానికి తూచి యియ్యకుడు. ఇల్లు విప్పక తప్పనిచో, దానిని కట్టినవారి పేర్లను, వడ్రంగి పేరును, అందులో జరిగిన కథలను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు.

హైదరాబాదు పోవువారు చౌమహల్లా చూడవచ్చును, శుక్రవారము సెలవు. కొలనుగట్టున నొక గడియ కూర్చుండి, మన సీమ కథలో నొక తునుక ఇచ్చట మొదలైనదని తలచుకొనుడు. నేను ఇంటికి వచ్చి, మా లోగిలిలో ఏ దిక్కున ఏ గది యుండెడిదో మనుమనికి కాగితముమీద గీసి చూపితిని. వంటయింటి కిటికీ ఏ ప్రక్కనో జ్ఞప్తికి రాలేదు. మా అక్కగారిని అడిగి తెలిసికొని వ్రాసితిని. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు. మీ యిండ్లలోను ఇట్టి అక్కగారు లుందురు. వారిని నేడే అడుగుడు.

సెలవు.