63 లీటర్ల డిక్కీ, 18 సెంటీమీటర్ల చోటు

హైదరాబాద్ విమానంలో హీత్రూలో దిగిన అమ్మానాన్నలతో పాటు నాలుగు పెద్ద పెట్టెలు వచ్చాయి. ఒక్కోటి 23 కిలోలు. ఆవకాయ సీసాలున్న పెట్టెతో కలిపి మూడింటిని మా స్కోడా ఫాబియా ఎస్టేట్ డిక్కీలో నిలబెట్టి, కవర్ తీసేసి, నాలుగోదాన్ని పైన పడుకోబెడితే తలుపు పడింది. సామాను సర్దుకుంది గానీ మనిషి సర్దుకోలేదు. వెనక కూర్చుంటే అమ్మకు కడుపులో తిప్పుతుంది కనుక ముందు సీటు ఆమెకు. వెనక ఒకవైపు పిల్లవాడి సీటు, నా సీటు వెనకాల నాన్న. రెడింగ్ చేరేదాకా ఆయన మోకాళ్లు పక్కకు తిప్పుకునే కూర్చున్నారు. ‘పర్లేదులే’ అని రెండుసార్లు అన్నారు కూడా. ఆ రాత్రే ఇంట్లో మాట మొదలైంది: దీన్ని ఇచ్చేసి పెద్ద హ్యాచ్‌బ్యాక్ తీసుకుందామా?

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. తల్లిదండ్రులకు విజిటర్ వీసా మీద ఒక రాకకు 6 నెలల దాకా ఉండే వీలుంది. వాళ్లు వచ్చినప్పుడే కారు చిన్నదైపోతుంది.

ముందు డిక్కీ లెక్క. యూరప్ కంపెనీలు ఎక్కువగా చెప్పే లీటర్లు నీళ్లు పోసి కొలిచినవి కావు. 200×100×50 మిల్లీమీటర్ల దిమ్మెలను డిక్కీలో పేర్చి, ఎన్ని పడితే అన్ని లీటర్లు అంటారు. ఒక్కో దిమ్మె సరిగ్గా ఒక లీటరు. వెనక సీట్లు నిలబెట్టి ఉన్నప్పుడు సాధారణంగా కవర్ దాకానే లెక్క. ఇటుకంత దిమ్మె మూలమూలల్లోకి దూరుతుంది, పెట్టె దూరదు. పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదన్నది చాలా ఎయిర్‌లైన్ల నియమం. 76×51×31 కొలతల పెట్టె అంటే 120 లీటర్లు. నాలుగు కలిపితే 480.

2014లో వచ్చిన మూడో తరం ఫాబియా ఎస్టేట్ డిక్కీ 530 లీటర్లు, కారు పొడవు 4,257 మిల్లీమీటర్లు. ఎనిమిదో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ పొడవు 4,284, డిక్కీ 381. అంటే ఒక మెట్టు పైకి ఎక్కామనుకుని 149 లీటర్లు పోగొట్టుకుంటాం. స్కోడా స్కాలా పొడవు 4,362, డిక్కీ 467 లీటర్లు. ఫాబియా కన్నా 63 తక్కువ. సీట్లు మడిస్తే మాత్రం స్కాలా 1,410, ఫాబియా 1,395. తేడా లేనట్టే. స్కాలా వెనక అద్దం వాలుగా దిగుతుంది కనుక, కవర్ తీసి పైన ఇంకో పెట్టె పెట్టే వెసులుబాటు ఎస్టేట్‌లో ఉన్నంతగా ఉండదు.

మరి స్కాలాకు పెరిగిన పొడవు ఏమైంది? ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా ఉండే దూరం, అదే వీల్‌బేస్, ఫాబియాలో 2,470 మిల్లీమీటర్లు, స్కాలాలో 2,649. కారు 10.5 సెంటీమీటర్లే పెరిగితే చక్రాల మధ్య దూరం 18 సెంటీమీటర్లు పెరిగింది. అదంతా మోకాళ్లకే దక్కదు, కొంత ముందు సీట్లకు, కొంత సీటు వాలుకు పోతుంది. కానీ మనుషులకు చోటు దొరికేది ఇక్కడే. చిన్న ఎస్టేట్ అంటే చిన్న హ్యాచ్‌బ్యాక్ క్యాబిన్‌కే వెనక పెద్ద డిక్కీ తగిలించినది. కనుక అడగాల్సిన ప్రశ్న కారు పెద్దదా చిన్నదా అని కాదు. మీ ఇంట్లో ఇరుకు పెట్టెలకా, మోకాళ్లకా?

రెండూ కావాలంటే స్కోడా ఆక్టేవియా ఉంది. అద్దంతో సహా తలుపు పైకి లేస్తుంది కనుక అదీ హ్యాచ్‌బ్యాకే. నాలుగో తరానిది 600 లీటర్ల డిక్కీ. పొడవు మాత్రం 4,689. ఇక్కడి పార్కింగ్ గడి మామూలుగా 4.8 మీటర్లు, మిగిలేది 11 సెంటీమీటర్లు. ఇళ్ల వరసల ముందు వీధిలో కారు ఆపుకునేవాళ్లకు అది రోజువారీ తలనొప్పి.

ఇక డబ్బు. చాలామంది చూడని తేదీ ఒకటుంది: 2017 ఏప్రిల్ 1. అంతకు ముందు రిజిస్టరైన కారుకు రోడ్డు పన్ను కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి ఉంటుంది. 101–110 గ్రాముల బ్యాండులో ఉన్న 2016 ఫాబియాకు 2025–26లో 20 పౌండ్లు. ఆ తేదీ తరవాతి కారుకు, మొదటి ఏడాది దాటాక, 195. కారు మార్చిన పాపానికి ఏటా 175 అదనం.

మైలేజీ తేడా అనుకున్నంత ఉండదు. ఏడాదికి 8,000 మైళ్లు, గ్యాలన్‌కు 50 బదులు 45 మైళ్లు వచ్చినా, అదనంగా కాలేది 81 లీటర్లు. లీటరు 1.35 పౌండ్లనుకుంటే 109 పౌండ్లు. రెండూ టర్బో పెట్రోల్ కార్లయితే ఈ తేడా ఇంకా తగ్గొచ్చు కనుక దీన్ని పక్కన పెడుతున్నాను.

పాతది 6,000కు అమ్మి 12,000కు స్కాలా కొన్నామనుకుందాం. అయిదేళ్ల తరవాత పాతది 2,500, స్కాలా 6,000 పలుకుతాయనుకుందాం. ఇవాళ చేతినుంచి పడేది 6,000, అప్పుడు వెనక్కి వచ్చేది 3,500. నికరంగా పోయేది 2,500. అయిదేళ్ల పన్ను తేడా 875 కలిపితే 3,375. ఏడాదికి 675 పౌండ్లు. పాత బండికి రిపేర్లు ఏటా 300 ఎక్కువవుతాయనుకుంటే అది 375కు దిగుతుంది. పెద్ద కారు అద్దెకు రోజుకు 90 పౌండ్లనుకుంటే 375కు నాలుగు రోజులు, 675కు ఏడున్నర రోజులు. ఈ ధరలు నా ఊహలు. వాటి స్థానంలో మీ అంకెలు వేసుకోండి, లెక్క చేసే పద్ధతి మాత్రం ఇదే.

ఊళ్లో చుట్టాలు ‘ఆ డబ్బా కారు ఇంకా ఎందుకు’ అంటారు. మన దగ్గర ఎస్టేట్లు అలవాటు లేదు. మారుతి బలెనో ఆల్ట్యూరా, టాటా ఇండిగో మరీనా వచ్చి నిలవలేకపోయాయి. 2006 నుంచి 4 మీటర్లలోపు చిన్న ఇంజన్ కార్లకు పన్ను తక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ వాటికి 18 శాతం, పెద్దవాటికి 40. ఫాబియా ఎస్టేట్ ఆ గీతకు దాదాపు 26 సెంటీమీటర్లు అవతల. బ్రిటన్‌లో ఆ గీత లేదు కనుక ఊరి మాట ఇక్కడి లెక్కకు పనికిరాదు.

నా తీర్పు ఇది. ఏడాదికి వారం రోజులకు మించి వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చోకపోతే ఎస్టేట్ ఉంచుకోండి, ఆ కొద్ది రోజులకు కారు అద్దెకు తీసుకోండి. ఫాబియా నాలుగో తరంలో ఎస్టేట్ రాలేదు, ఇచ్చేస్తే అలాంటిది కొత్తగా దొరకదు. అమ్మానాన్నలు నెలల తరబడి ఉండేవాళ్లయితే మార్చండి, 63 లీటర్లు పోతే పోనివ్వండి. మేము మారుస్తున్నాం. మీరు టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు రెండు ఖాళీ పెట్టెలు, వీలైతే నాన్నను తీసుకెళ్లండి. డ్రైవర్ సీటు మీకు కావలసినంత వెనక్కి జరిపాకే ఆయన్ను వెనక కూర్చోమనండి.