హెడ్‌లైటు వెనక్కి తిరిగే బండి

పాత మిలటరీ బండి ఒకటి తెచ్చి, బాగుచేసి, మళ్ళీ రోడ్డెక్కించాలన్న సరదా పుట్టినవాళ్ళు మొదటి బండిని ఎంచుకునేటప్పుడు సాధారణంగా దాని పేరూ ధరా చూస్తారు. యుద్ధ సినిమాలో చూసిన కవచ వాహనం మీద మనసు పడుతుంది. లేదా తుక్కు ధరకు దొరుకుతోంది కదా అని పది టైర్ల లారీకి అడ్వాన్సు ఇచ్చేస్తారు. పేరుకన్నా, ధరకన్నా నమ్మదగిన కొలత ఒకటుంది. దాన్ని సైన్యమే తయారుచేసి పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం బండ్ల మరమ్మతును ఐదు అంచెలుగా విడగొట్టింది. మొదటి అంచె డ్రైవరే: ఆయిల్ చూసుకోవడం, గ్రీజు కొట్టడం, వదులైన నట్టు బిగించడం అతని పని. రెండో అంచె ఆ దళంతో పాటు తిరిగే మెకానిక్. ఇంజిన్‌నో గేర్‌బాక్సునో మొత్తంగా దించి మరొకటి ఎక్కించే సంచార వర్క్‌షాపు మూడోది. నాలుగోదానికి భారీ పనిముట్లు కావాలి. ఐదోది యుద్ధరంగానికి దూరంగా ఉండే డిపో, బండిని చివరి బోల్టు దాకా విప్పి తిరిగి కట్టే చోటు. ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని, ఒక స్పానర్ల సెట్టుతో పని మొదలుపెట్టే మనిషి మహా అయితే రెండో అంచె మెకానిక్‌తో సమానం. కాబట్టి ఏ బండి పనుల్లో ఎక్కువ భాగాన్ని సైన్యం మొదటి రెండు అంచెలకే వదిలేసిందో, అది అతనికి తగిన మొదటి బండి. ఈ లెక్కన చూస్తే జీపుకూ దాని వంశంలో పుట్టిన బండ్లకూ సాటి వచ్చేవి తక్కువ.

జీపు అలా తయారవడం వెనక తొందర ఉంది. 1940 జూలైలో అమెరికా సైన్యం ఒక తేలికపాటి నాలుగు చక్రాల డ్రైవు బండి కావాలని 135 కంపెనీలకు కబురు పెట్టింది. మొదటి నమూనా అందించడానికి ఇచ్చిన గడువు 49 రోజులు. పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో ఉన్న చిన్న కంపెనీ అమెరికన్ బాంటమ్, కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపించి, ఆ గడువులోపే సెప్టెంబరు 23న బండిని అప్పగించింది. కొత్త విడిభాగాలను కనిపెట్టే వ్యవధి ఎవరికీ లేదు. బజార్లో అప్పటికే ఉన్న యాక్సిళ్ళు, గేర్‌బాక్సులు, స్టీరింగులను ఏరి, వాటికి కావలసిన మార్పులు చేసుకున్నారు. తర్వాత పోటీలోకి దిగిన విల్లీస్ కంపెనీలో బార్నీ రూస్ తన పాత కార్ల ఇంజిన్‌నే మెరుగుపరిచి 60 హార్స్‌పవర్ దాకా తెచ్చాడు. బరువు హద్దు దాటుతోందంటే ఇంజిన్‌ను వదులుకోకుండా, బోల్టుల పొడవు దగ్గర్నుంచి పెయింటు పూత దాకా తగ్గించుకుంటూ వచ్చాడు. చివరికి సైన్యం విల్లీస్ నమూనాను ఖాయం చేసి, 1941 చివర్లో అదే డ్రాయింగుల ప్రకారం ఫోర్డ్ చేత కూడా తయారు చేయించింది. రెండు కంపెనీలూ కలిసి యుద్ధం ముగిసేలోగా దాదాపు 6,40,000 బండ్లు వదిలాయి. ఫోర్డ్ తన బోల్టుల తలల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం కొట్టుకుంది గానీ, ఆ బోల్టు విల్లీస్ బండికీ పడుతుంది. సంఖ్య కన్నా ఈ పొంతనే నా దృష్టిలో పెద్ద సంగతి.

బానెట్ ఎత్తి చూస్తే దీన్ని గీసినవాళ్ళ ఆలోచన తెలుస్తుంది. హెడ్‌లైట్లు ఒక్కోటి ఒక మడతబందు మీద కూర్చుని ఉంటాయి. చేత్తో తిప్పే రెక్కల నట్టు వదులు చేస్తే లైటు వెనక్కి తిరిగి ఇంజిన్ మీద వెలుగు పోస్తుంది. రాత్రిపూట, పనిముట్ల పెట్టె తప్ప ఏమీ లేని చోట ఎవడో ఈ ఇంజిన్ మీద వంగి పనిచేస్తాడని ముందే ఊహించారన్నమాట. ఇంజిన్ సైడ్ వాల్వు రకం: వాల్వులు సిలిండర్ల పక్కనే బ్లాకులో నిలబడి ఉంటాయి, పైన ఉండే హెడ్ దాదాపు ఒట్టి మూత. ఆ మూత ఎత్తితే పిస్టన్లూ వాల్వులూ కళ్ళెదుట ఉంటాయి. వెనక యాక్సిల్ ఇంకా ముచ్చటైనది. బండి బరువంతా హబ్బు బేరింగుల ద్వారా యాక్సిల్ గొట్టం మోస్తుంది, లోపలి షాఫ్టు చక్రాన్ని తిప్పడానికే. షాఫ్టు విరిగితే జాకీ కూడా పెట్టనక్కర్లేదు. హబ్బు మీద ఆరు బోల్టులు తీసి షాఫ్టును బయటికి లాగేసి, ముందు చక్రాల డ్రైవుతో షెడ్డు చేరుకోవచ్చు. ఇక టీఎం 9-803 అనే 1944 నాటి సైనిక మాన్యువల్, బళ్ళో చదువు అంతంతమాత్రంగా సాగిన కుర్రాడు సైతం అర్థం చేసుకునేలా ఫొటోలతో నడుస్తుంది. దాని పునర్ముద్రణలు ఇప్పటికీ దొరుకుతాయి.

మిలటరీ బండ్లన్నీ సైనికుడు బాగుచేసుకోవడానికే కదా పుట్టేది, జీపులో ప్రత్యేకత ఏముంది అని ఎవరైనా అడగవచ్చు. దీనికి జవాబు బ్రిటన్ అనుభవంలో ఉంది. యుద్ధం తర్వాత జీపును మించిన బండి కావాలని బ్రిటిష్ సైన్యం ఆస్టిన్ చాంప్‌ను తయారు చేయించింది. అందులో రోల్స్ రాయిస్ బీ40 ఇంజిన్, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, ముందుకు ఐదు గేర్లయితే వెనక్కీ ఐదు. తొక్కితే జీపును గేలిచేసే బండే. కానీ ధర ఎక్కువ, లోపల చిక్కులూ ఎక్కువ. నాలుగైదేళ్ళలోనే ఉత్పత్తి ఆగిపోయి, దానికన్నా సాదా అయిన ల్యాండ్ రోవర్ దాని పని అందుకుంది. మన సైన్యమూ వాడిన ఫెరెట్ కవచ వాహనం ఈ పాఠాన్ని ఇంకాస్త గట్టిగా చెబుతుంది. చూడటానికి చిన్నది, ముద్దొస్తుంది, కొత్తవాళ్ళు తరచూ దీని దగ్గరే ఆగిపోతారు. బరువు నాలుగు టన్నులకు కాస్త తక్కువ. ద్రవంతో తిరిగే ఫ్లైవీలు, ముందే గేరు ఎంచుకుని తర్వాత పెడల్ తొక్కే ప్రీసెలెక్టర్ గేర్‌బాక్సు, అక్కణ్ణుంచి నాలుగు మూలలకూ విడివిడిగా వెళ్ళే షాఫ్టులు ఉంటాయి. మధ్యలో ఉండే డిఫరెన్షియల్ ఒక్కటే కాబట్టి, ఒకే పక్కనున్న ముందు, వెనక చక్రాలు ఒకదానికొకటి కట్టేసినట్టు తిరుగుతాయి. ఒక టైరు అరిగి చుట్టుకొలత కాస్త తగ్గినా, గట్టి తారురోడ్డు మీద ఆ తేడా షాఫ్టుల్లో మెలికగా పేరుకుంటుంది. బురదలో టైరు జారి ఆ మెలిక విడిపోతుంది, రోడ్డు మీద విడిపోదు. ఇది నాలుగో అంచె సరుకు.

పెద్ద లారీ సంగతి ఇంత వివరంగా చెప్పనక్కర్లేదు. జీఎంసీ రెండున్నర టన్నుల లారీలు అమెరికా ఐదు లక్షలకు పైగా తయారు చేసింది, మంచి సాదా బండ్లే. కానీ ఒక్క గేర్‌బాక్సు దించాలన్నా కప్పీ గొలుసు కావాలి, పది టైర్లు కొనాలి, నిలపడానికి గోదామంత చోటు కావాలి. చవగ్గా దొరకడానికి కారణం అదే.

అసలైన అభ్యంతరం కాలానికి సంబంధించినది. ఎనభై ఏళ్ళ కిందటి మాన్యువల్ కొత్త బండి గురించి రాసినది. ఇప్పుడు మన ముందున్నది తుప్పు పట్టిన బండి. ఇందులో నిజముంది. జీపు నేల రేకు కింద టోపీ ఆకారంలో వంచిన ఉక్కు పట్టీలుంటాయి, వాటి లోపల బలానికి చెక్క దూర్చారు. ఆ చెక్క నీళ్ళు పీల్చుకుని దశాబ్దాలపాటు లోపల్నుంచి ఇనుమును తినేస్తుంది. పైన పెయింటు తళతళలాడుతున్న బండి కిందికి దూరి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే బయటపడే సంగతి ఇది. కరెంటు కూడా ఆరు వోల్టులు. అంతే శక్తికి పన్నెండు వోల్టుల బండి కన్నా రెట్టింపు కరెంటు పారాలి, అదే తీగలో వేడి రూపంలో పోయే నష్టం నాలుగింతలు. కొత్తగా రంగు వేసిన ఛాసీకి, ఆ రంగు మీదే ఎర్త్ తీగ బిగించి, స్టార్టర్ తిరగడం లేదని పన్నెండు వోల్టులకు మార్చేసేవాళ్ళున్నారు. బిగించే చోట రంగు గీకేస్తే సరిపోయేది. ఎడమవైపు చక్రాల నట్లు మామూలుకు తిరగేసి తిప్పితేనే వదులవుతాయి. అది తెలియక స్టడ్డులు విరగ్గొట్టుకోవడమూ మామూలే. అయితే ఈ జబ్బులన్నిటికీ మందు దొరుకుతుంది, ఎందుకంటే జీపు పని మానేసిన రోజంటూ లేదు. ఫిలిప్పీన్స్‌లో అమెరికన్లు వదిలేసి వెళ్ళిన జీపులు జీప్నీలనే సవారీ బండ్లయ్యాయి. ఇప్పటికీ మనీలా షెడ్లలో కొత్త బాడీలు తయారై దేశదేశాలకు వెళుతున్నాయి. ఫ్రాన్సులో హాచ్‌కిస్ కంపెనీ 1955 నుంచి 1966 దాకా లైసెన్సు మీద ఇదే బండిని తయారు చేసింది. పాత బండ్లు కావాలంటే పాత పనిమంతులూ ఉండాలి. జీపు విషయంలో ఆ రెండూ ఇంకా ఉన్నాయి.

బాడీ మనీలాది, గేర్‌బాక్సు ఇంకొకరిది అయితే అది 1943 నాటి బండి ఎలా అవుతుందని పట్టుబట్టేవాళ్ళకు సైన్యం చరిత్రే చూపించాలి. యుద్ధకాలపు డిపోల్లో విల్లీస్ ఛాసీ మీద ఫోర్డ్ ఇంజిన్ కూర్చోబెట్టారు. ఫ్రెంచి సైన్యం వర్క్‌షాపులు ఆ పనిని ఇరవై ఏళ్ళకు పైగా కొనసాగించాయి. ముందు అడ్డకమ్మీ గుండ్రటి గొట్టమైతే ఛాసీ విల్లీస్‌ది, వంచిన పట్టీ అయితే ఫోర్డ్‌ది. ఆ ఒక్కటీ సరిచూసుకుని, మిగతా కలగాపులగాన్ని ఆ బండి సర్వీసు రికార్డుగా తీసుకోవడం నాకు సబబనిపిస్తుంది. అరుదైన వాటిని కదా కాపాడాలి అన్న మాటకు మాత్రం అంత తేలిగ్గా జవాబు చెప్పలేం. ఒప్పుకోవాల్సిందే, కాపాడాలి. కానీ అరుదైన బండిలో పొరపాటున విరిగిన భాగానికి మరొకటి ఉండదు. మొదటిసారి విప్పేవాడి చేతిలోనే భాగాలు ఎక్కువగా విరుగుతాయి.

మన దగ్గర ఈ ఎంపిక మరికొంత ఇరుకైనది, ఒక రకంగా సులువైనదీ. 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపుతో మొదలైన మహీంద్రా, తర్వాత సీజే3బీని దశాబ్దాలపాటు ఇక్కడే తయారు చేసింది. దాని ఇంజిన్ యుద్ధకాలపు ఇంజిన్‌కు తమ్ముడే: బోరూ స్ట్రోకూ మారలేదు, లోనికి గాలి తెచ్చే వాల్వు మాత్రం బ్లాకులోంచి హెడ్‌లోకి ఎక్కింది. దానికి చోటివ్వడానికే బానెట్ అంత ఎత్తుగా ఉంటుంది. అది అసలైన మిలటరీ బండి కాదనేవాళ్ళుంటారు. మన సైన్యం జీపును ఎంత తీవ్రంగా వాడిందో 1965లో అసల్ ఉత్తర్ దగ్గర జీపు మీద బిగించిన 106 ఎం.ఎం. తుపాకీతో ప్యాటన్ ట్యాంకులను పేల్చిన అబ్దుల్ హమీద్ పోరాటం చెబుతుంది. జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి తయారైన జోంగా కూడా డిస్పోజల్ వేలాల ద్వారా బయటికొచ్చింది. నిస్సాన్ పెట్రోల్ నమూనాకు చెందిన ఆ బండికి నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉంది. బలమైనదే, కానీ బరువూ దాహమూ ఎక్కువ. రెండో బండిగా తీసుకోవచ్చు.

చిక్కల్లా కాగితాల దగ్గర, ఇంజిన్ దగ్గర. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వాహనాలను 20,000 రూపాయల రుసుముతో ‘వీఏ’ అక్షరాలున్న నంబరు కింద పదేళ్ళకు వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. షరతు ఏమిటంటే ఛాసీ, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. మన జీపుల్లో ఎన్నింటికో పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజిన్లు దించారు. కొన్నిచోట్ల ఆ ఇంజిన్ కూర్చోవడానికి ఛాసీ మీద వెల్డింగు కూడా చేశారు. కాబట్టి ఒక్క కిక్కుకు స్టార్టయ్యే డీజిల్ జీపు, ఏళ్ళ తరబడి నిలిచిపోయి ఇంజిన్ జామైన పెట్రోలు జీపు ఒకే ధరకు వస్తే, జామైనదాన్నే తీసుకోవాలి. బోరుకొచ్చిన నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు లేత్ షాపులో పని ఉంది. కోసి అతికిన ఛాసీకి పాత నంబరు తప్ప పాత ఆకారం తిరిగి తెచ్చిపెట్టే షాపు దొరకడం కష్టం.