నేలే కదిలితే నిలిచేదెక్కడ?
కృష్ణ ఒడ్డు పల్లెలకు 2020 నేర్పిన పాఠం

సూర్యాపేట: 2020 జనవరి 26. తెల్లవారితే జెండా పండుగ. రాత్రి 2 గంటల 37 నిమిషాలైంది. చింతలపాలెం, మేళ్లచెరువు మండలాల్లో ఊళ్లన్నీ గాఢనిద్రలో ఉన్నాయి. నేల అడుగున ఏదో ఉరిమినట్లయింది. ఆ వెంటనే మంచాలు ఊగాయి. అటకమీది సామాను కదిలింది. పసిపిల్లలను చంకనేసుకుని తల్లులు, ముసలివాళ్ల చేయి పట్టుకుని కొడుకులు వీధిలోకి పరుగెత్తారు. కదలిక కొన్ని సెకన్లే. కాని ఆ రాత్రి మళ్లీ ఇంట్లోకి వెళ్లి పడుకునే ధైర్యం చాలామందికి లేకపోయింది.

రిక్టరు స్కేలుపై నాలుగున్నర పరిసరాల్లో నమోదయిన ఆ ప్రకంపన కృష్ణకు ఆవలి పల్నాడు పల్లెల్లోనూ, ఇటు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లోనూ, ఖమ్మం వైపూ తెలిసింది. ఆ ఊళ్లవారికి అది ఒక రాత్రి ముచ్చట. చింతలపాలెం వైపు వారికి మాత్రం అది ఒక రాత్రితో పోయిన భయం కాదు.

మందుపాతర అనుకున్నారు

ఆ నెలంతా నేల గొణుగుతూనే ఉంది. మొదట్లో ఎవరూ భూకంపమని అనుకోలేదు. ఈ ప్రాంతమంతా సున్నపురాతి నేల. సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, క్వారీలున్నాయి. క్వారీలో మందుపాతర పేలితే కిటికీలు గలగలలాడటం ఇక్కడివారికి కొత్త కాదు. తీరా క్వారీ పని లేని వేళ, అర్ధరాత్రి కూడా అదే చప్పుడు వినిపించేసరికి అనుమానం మొదలయింది. ఆదిశేషుడు పడగ మార్చుకుంటున్నాడని పెద్దలన్నారు. ఊరు ఖాళీ చేయాలన్న పుకార్లూ పుట్టాయి.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు వచ్చి ఈ పల్లెల్లోనే భూకంపాలను నమోదు చేసే యంత్రాలు పెట్టారు. మనిషికి తెలిసేవి కొన్నే. యంత్రానికి మాత్రమే తెలిసే చిన్న కదలికలు లెక్కకు మించి ఉన్నట్లు తేలింది. జనవరి 26 నాటి పెద్ద కుదుపు తర్వాత కూడా అవి ఆగలేదు.

ఒక పెద్ద భూకంపం వచ్చి, దాని వెనుక చిన్న చిన్నవి వస్తే వాటిని అనుకంపనలంటారు. కదిలిన రాయి తిరిగి సర్దుకునేటప్పుడు కలిగేవి అవి. రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. ఇక్కడ జరిగింది కాస్త వేరు. పెద్దదానికి ముందూ, వెనుకా కూడా చిన్నవి గుంపుగా వచ్చాయి. ఇటువంటివాటిని భూకంపాల గుంపుగా పరిగణిస్తారు. చప్పుడు వినిపించడానికి కారణమూ ఉంది. కదలిక కొద్ది కిలోమీటర్ల లోతులోనే పుడితే, మొదటి తరంగం నేలను దాటి గాలిలోకి వచ్చి ఉరుములా వినిపిస్తుంది. కుదుపు దాని వెనుక వస్తుంది.

నీటి బరువు కారణమా?

పల్లెల్లో అందరి వేలూ పులిచింతల వైపే చూపింది. 45.77 టి.ఎం.సి.ల నిల్వ సామర్థ్యం గల ఈ జలాశయం 2013లో ప్రారంభమయింది. 2019 వరదలకు నిండుకుండలా నిండింది. ఆ తర్వాత కొద్ది నెలలకే నేల కదలడం మొదలయింది.

ఈ అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. మహారాష్ట్రలోని కోయినా ఇందుకు ప్రపంచానికే ఉదాహరణ. 1962లో అక్కడ నీరు నిలపడం మొదలయిన తర్వాత ప్రకంపనలు వచ్చాయి. 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు రెండు వందల మంది చనిపోయారు. నిలిచిన నీరు రాతి పగుళ్లలోకి దిగుతుంది. అప్పటికే ఒత్తిడితో బిగుసుకుని ఉన్న పగులులో నీటి పీడనం పెరిగితే రెండు వైపుల రాళ్ల మధ్య పట్టు సడలి అవి జారతాయి.

అయితే ఒక సంగతి మరువరాదు. నీరు బిగువును పుట్టించదు, ఉన్న బిగువును సడలిస్తుంది. భారత ఉపఖండం ఏటా సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ హిమాలయాలను నెడుతోంది. ఆ ఒత్తిడి ఇంత దూరాన ఉన్న పాత పగుళ్ల మీదా పడుతుంది. రిజర్వాయరుతో నిమిత్తం లేకుండానే తెలుగునాట నేల కదిలిన సందర్భాలున్నాయి. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతంలో, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో వచ్చినవి అటువంటివే. 2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాదు వరకు తెలిసింది.

రెండుసార్లు కదిలిన వారు

చింతలపాలెం వైపు కుటుంబాల బాధ ఇతరులకు తొందరగా అర్థం కాదు. వెల్లటూరు, నెమలిపురి, అడ్లూరు వంటి ఊళ్లు పులిచింతల ముంపులో చిక్కాయి. తాతలనాటి ఇల్లు, పొలం, బొడ్రాయి విడిచి కొత్తచోట గోడలు లేపుకున్నవారు వారు. నీళ్లు ఊరు తీసుకున్నాయి, ఇక నేల ఇల్లు తీసుకుంటుందా అన్న ప్రశ్న వారిని వేధించింది. మిరప, పత్తి పనులు ముమ్మరంగా సాగే రోజులవి. పగలు చేలో కష్టపడి, రాత్రి చలిలో ఆరుబయట జాగారం చేయడమంటే మాటలు కాదు.

భయం అకారణమని కూడా అనలేం. మహారాష్ట్రలోని కిల్లారిలో 1992లో ఇలాగే చిన్న ప్రకంపనలు గుంపుగా వచ్చాయి. జనం బెదిరారు. తర్వాత అవి తగ్గాయి, జనం మరిచిపోయారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగు కాకముందే 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. ముందురోజు వినాయక నిమజ్జనం చేసి అలసి నిద్రపోయినవారు వేల సంఖ్యలో నిద్రలోనే పోయారు. చింతలపాలెం కుదుపుతో పోలిస్తే అక్కడ వెలువడిన శక్తి వందల రెట్లు ఎక్కువ.

చిన్నవి వచ్చిన ప్రతిచోటా పెద్దది వస్తుందని కాదు. చాలాచోట్ల గుంపు వచ్చి దానంతటదే అణగిపోతుంది. 2021 నవంబరులోనూ, 2023 ఫిబ్రవరిలోనూ పులిచింతల పరిసరాల్లో నేల కదిలింది గాని పెద్ద ప్రమాదం జరగలేదు. ఫలానా రోజు భూకంపం వస్తుందని చెప్పగల విద్య ప్రపంచంలో ఎక్కడా లేదు. అలా చెప్పేవారి మాట నమ్మనక్కరలేదు.

చంపేది గోడ

కిల్లారిలో మనుషులను చంపింది నేల కాదు, గోడలు. బురద అడుసుతో పేర్చిన లావాటి రాతి గోడలు, వాటిపై అడుగుల మందాన మట్టి కప్పు. గోడ లోపలి వరుస రాళ్లకూ, బయటి వరుస రాళ్లకూ కట్టు లేదు. కుదుపుకు రెండు వరుసలూ విడిపోయి కప్పు మీద పడింది. మన పల్లెల్లో ఇప్పటికీ ఇటువంటి ఇళ్లు తక్కువేమీ కాదు.

కొత్తగా ఇల్లు కట్టేవారు మేస్త్రీతో మాట్లాడుకోవలసినవి ఇవి: రాతి గోడయితే ఈ వైపు నుంచి ఆ వైపుకు ఉండే పొడవాటి రాళ్లు అక్కడక్కడ వేయించాలి. మూలల్లో రెండు గోడలూ ఒకదానిలో ఒకటి కలిసేలా పేర్పించాలి. తలుపులు, కిటికీల పైన ఇల్లు చుట్టూ తెగకుండా ఇనుప కడ్డీలతో కాంక్రీటు పట్టీ పోయించాలి. పెట్టెకు ఇనుప పట్టీ ఎంతో, ఇంటికి ఇది అంత. తలుపును మూలకు ఆనించి పెట్టకూడదు.

పాత ఇళ్లలో ఉండేవారు కప్పు మీద ఏటేటా మట్టి పెంచడం మానాలి. పడక దగ్గర అటకమీద బరువులు ఉంచరాదు. పగిలిన గోడ పక్కన పిల్లలను పడుకోబెట్టరాదు. కుదుపు వచ్చినప్పుడు వాకిలి దగ్గరుంటే బయటకు రావాలి, గోడలకూ కరెంటు స్తంభాలకూ దూరంగా నిలబడాలి. స్లాబు ఇంట్లో లోపల చిక్కితే గట్టి బల్ల కింద దూరి తల కాచుకోవాలి. ఒక కుదుపు ఆగింది కదా అని పగిలిన ఇంట్లోకి వెంటనే వెళ్లరాదు. మొదటిదానికి బీటవారిన గోడ రెండవదానికి కూలుతుంది.

నేల గొణుగుడు ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. గోడకు కట్టు వేయించుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. నేల నిమ్మళంగా ఉన్న రోజుల్లోనే ఆ పని జరగాలి.