ధర ఎక్కడి దాకా?

హైదరాబాద్ మొఘల్‌పురాలో బియ్యం దుకాణం నడిపే ఒకరికి రెండు ధరలు వచ్చాయనుకుందాం. మిర్యాలగూడ మిల్లు 26 కిలోల బస్తా 1,300 రూపాయలంది. బేగంబజార్ హోల్‌సేల్ వ్యాపారి అదే రకానికి 1,340 చెప్పాడు. నలభై రూపాయల తేడా చూసి మిల్లు వైపు మొగ్గేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ ధర ఎక్కడి దాకా? వ్యాపారి చెప్పింది ‘షాపు దాకా’ ధర, మిల్లు చెప్పింది గేటు దగ్గరి ధర. మిల్లు ధర మీద లారీ కిరాయి బస్తాకు 22, ఎక్కించే హమాలీకి 5, దింపే హమాలీకి 6, పగటిపూట పెద్ద లారీ దూరలేని పాతబస్తీ గల్లీల్లోకి ట్రాలీ ఆటోకు 10 కలిపితే 1,343 తేలుతుంది. ఇవన్నీ లెక్క కోసం వేసుకున్న అంకెలే, కిరాయిలు రోజుకో తీరుగా ఉంటాయి. మొత్తానికి ఎక్కువ అనిపించిన బేగంబజార్ ధరే మూడు రూపాయలు తక్కువ. అక్కడా ఓ మెలిక ఉంది. ‘షాపు దాకా’ అన్నప్పుడు ఆ వ్యాపారి ఉద్దేశం మెయిన్ రోడ్డు దాకా అయితే, ట్రాలీ పది, దింపుడు ఆరు కొన్నవారి మీదే పడి బస్తా 1,356కు చేరుతుంది. బస్తా 26 కిలోలే ఎందుకంటారా, 2022 జూలైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ పెట్టారు. ఆ గీత తప్పించుకోవడానికి మిల్లులు 26 కిలోల సంచులకు మళ్లాయి. కాగితం మీది ఒక నిర్వచనానికి సంచి కొలతే మారిపోయే వ్యాపారంలో, రవాణా ఖర్చు నిర్వచనాన్ని మాత్రం ‘చూసుకుందాం లెండి’ అని వదిలేస్తున్నాం.

చోటు చెప్పని ధర సగం ధరే. సరుకు ఏ చోట చేతులు మారుతుంది, అక్కడికి చేర్చే ఖర్చు ఎవరిది, దారిలో పాడైతే నష్టం ఎవరిది అన్న మూడూ తేలితేనే బేరం తెగినట్టు. తేల్చకుండా వదిలేస్తే ఆ ఖర్చు న్యాయంగా భరించాల్సినవారి మీద పడదు, ఆగి బేరమాడే ఓపిక లేనివారి మీద పడుతుంది. చట్టం ఉంది కదా అనుకోవచ్చు. నిజమే, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ఈ మౌనానికి జవాబు రాసి పెట్టింది. ఒప్పందంలో ఏమీ లేకపోతే, అమ్మకం జరిగే వేళకు సరుకు ఎక్కడుందో అక్కడే అప్పగింత అని 36వ సెక్షన్ చెబుతుంది. ఇచ్చేందుకు సిద్ధంగా సరుకును తయారుచేసే ఖర్చు అమ్మినవారిదంటుంది. 39వ సెక్షన్ ప్రకారం, కొన్నవారికి పంపేందుకు ట్రాన్స్‌పోర్టు వారికి సరుకు అప్పగిస్తే, వేరే రుజువు లేకపోతే కొన్నవారికి అప్పగించినట్టే లెక్క. అంటే ఇంటికొచ్చి చేరుతుందని నమ్మి నోరు మెదపని కొనుగోలుదారుకు చట్టం పెద్దగా అక్కరకు రాదు. పైగా సంచుల్లో నింపడం, కుట్టడం ‘తయారుచేయడం’ కిందికి వస్తాయి, సరే. లారీలోకి ఎత్తే హమాలీ దాని కిందికి వస్తుందా? అక్కడికొచ్చేసరికి మళ్లీ మాట్లాడుకోవాల్సిందే.

ఈ మౌనం ఎంత ఖరీదైనదో తెలియాలంటే తెలంగాణ వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్లాలి. 2025-26 సీజనుకు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. ఈ అంకె అందరికీ తెలుసు. అది ఏ చోట చేతికి రావాల్సిన ధరో చెప్పమంటే మాత్రం తడుముకుంటారు. రైతు వడ్లు తెచ్చి కేంద్రంలో కుప్ప పోస్తాడు. తేమ చూసి, తూకం వేసి, సంచులు కుడతారు. తర్వాత లారీ వచ్చి మిల్లుకు తీసుకెళ్లాలి. లారీ రావడం ఆలస్యమైతే తూకం అయిన సంచుల దగ్గర టార్పాలిన్ పట్టుకుని కాపలా కాసేది రైతే. మిల్లులో దిగుమతి అయ్యాక ట్రక్‌షీట్ ఖరారైతే తప్ప డబ్బుల లెక్క ముందుకు కదలదు. ఈలోగా మిల్లు దగ్గర తరుగు పేరుతో సంచికింత అని కోత పెడితే అది తిరిగి రైతు ఖాతాలోనే తేలుతుందన్నది ఏటా వినిపించే ఫిర్యాదు. దీన్ని మిల్లర్ల దురాశగానో అధికారుల నిర్లక్ష్యంగానో చూడటం మామూలే. అసలు సంగతి అప్పగింత చోటు దగ్గరుంది. కేంద్రంలో కాంటా మీద సంచి నిలిచినప్పుడే అమ్మకం పూర్తయిందంటే, సరుకు మీద హక్కుతో పాటు నష్టభయమూ కొన్నవారికే మారుతుంది. సరుకుల విక్రయ చట్టం 26వ సెక్షన్ సూత్రం అదే. ఆ తర్వాత దారిలో రాలిన గింజకు రైతు జవాబుదారీ కాదు. మిల్లులో దిగాకే అమ్మకం అంటారా, అలాగైతే తూకం వేసింది దేనికి? రవాణా ఖర్చు సర్కారు భరిస్తూ, రవాణాలో నష్టం మాత్రం రైతుకు అంటగట్టే పద్ధతిని ఏ కాగితం మీదా ఎవరూ రాసి సమర్థించలేరు. రాయలేదు కాబట్టే అది సాగుతోంది.

కాగితం మీది మాటకు ఇంత బలముందా అని అనుమానించేవారికి మన చార్మినార్ రేకుల కథ చెప్పాలి. హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ కంపెనీ చార్మినార్ పేరుతో అమ్మిన సిమెంటు రేకులు తెలియని ఊరు లేదు. రైలు కిరాయి కలిపి ధర వేసి, బిల్లులో కిరాయి మేరకు తగ్గించేవారు. కొన్నవారు ఆ కిరాయిని రైల్వేకు తామే కట్టేవారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కిరాయి కూడా ధరలో భాగమే, దానికీ అమ్మకం పన్ను కట్టాలంది. 1969లో సుప్రీంకోర్టు ఒప్పందం చదివి, కిరాయి కొన్నవారి బాధ్యత కాబట్టి అది ధరలోకి రాదని తేల్చింది. తొమ్మిదేళ్లకు, 1978లో, రాజస్థాన్‌లో హిందుస్థాన్ షుగర్ మిల్స్ అమ్మిన సిమెంటు విషయంలో అచ్చంగా ఇలాంటి తగాదాయే వచ్చింది. అక్కడా కొన్నవారే రైల్వేకు కిరాయి కట్టారు, అక్కడా బిల్లులో తగ్గించారు. కానీ ఆ సిమెంటు ధరను ప్రభుత్వ నియంత్రణ ఉత్తర్వే ‘చేరే స్టేషను దాకా’ అని నిర్ణయించింది. కాబట్టి కిరాయి అసలు బాధ్యత అమ్మినవారిదే, కొన్నవారు కట్టింది వారి తరఫున, అది ధరలో భాగమే అంది కోర్టు. సరుకు ఒకే తీరున కదిలింది, డబ్బు ఒకే తీరున చేతులు మారింది. ఒకచోట పన్ను లేదు, మరోచోట ఉంది. తేడా అంతా ఏ చోటి ధర అన్నదాంట్లోనే. ఇప్పటి జీఎస్టీలోనూ ఈ ముడి విడిపోలేదు. గూడ్స్ ట్రాన్స్‌పోర్టు వారి కిరాయి మీద పన్ను ఎవరి ఖాతాలో పడుతుందన్నది ఆ కిరాయి కట్టాల్సింది ఎవరన్న దాన్నిబట్టే చూస్తారు.

అంతర్జాతీయ వ్యాపారం ఈ గొడవలతో విసిగి 1936లోనే ఒక దారి వెతుక్కుంది. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి ‘ఇన్‌కోటెర్మ్స్’ పేరుతో ప్రామాణిక షరతులు తెచ్చింది. 2020 నాటి కూర్పులో అవి పదకొండు, అన్నీ మూడక్షరాల సంకేతాలే. కాకినాడ నుంచి బియ్యం ఎగుమతి చేసేవారికి వీటిలో ఎఫ్‌ఓబీ బాగా పరిచయం. ఆ ఒప్పందంలో ఓడ మీదికి సరుకు ఎక్కేదాకా ఖర్చూ నష్టభయమూ అమ్మినవారివే. కాకినాడ యాంకరేజ్ రేవులో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, దూరాన లంగరు వేస్తుంది. బస్తాలు బార్జీల మీద అక్కడికి వెళ్లాలి. కాబట్టి ‘కాకినాడ ఎఫ్‌ఓబీ’ అంటే ఆ బార్జీ ఖర్చు కూడా ఎగుమతిదారుదే. సీఐఎఫ్ ఇంకా చిత్రం. అవతలి రేవు దాకా కిరాయి, బీమా కట్టేది అమ్మినవారు, కానీ నష్టభయం ఇవతలి రేవులో ఓడ ఎక్కగానే కొన్నవారికి మారిపోతుంది. కిరాయి కట్టినవారే దారిలో నష్టానికి బాధ్యులన్న మన మామూలు నమ్మకం ఇక్కడ తలకిందులవుతుంది. ఈ పదకొండింటిలో కొన్నింటి మధ్య తేడా, వినడానికి వింతగా ఉంటుంది గానీ, దింపుడు హమాలీ ఎవరిదన్నదే. డీఏపీలో బండి మీద అప్పగిస్తే చాలు, డీపీయూలో దింపి ఇవ్వాలి. వేల టన్నుల వ్యాపారులకు హమాలీ గురించి రాసుకోవడం నామోషీ కాలేదు.

అర్థశాస్త్రం చదువుకున్నవారు ఇక్కడ అడ్డు తగులుతారు. కిరాయి ఎవరు కడితేనేం, అది చివరికి ధరలో సర్దుకుంటుంది, కొన్నవారు కడితే ధర తగ్గుతుంది, అమ్మినవారు కడితే పెరుగుతుంది అంటారు. వాదన తప్పు కాదు. కానీ దానికో షరతు ఉంది: ధర మాట్లాడే ముందే ఇద్దరికీ ఆ ఖర్చు తెలిసి ఉండాలి, నచ్చకపోతే వెనక్కి తిరిగే వీలుండాలి. తెల్లవారుజామున మీరాలం మండికి కూరగాయల బండి తెచ్చినవారికి ఆ వీలెక్కడిది? వచ్చిన కిరాయి అప్పటికే ఖర్చయిపోయింది. ఎండ ఎక్కితే ఆకుకూర వాడుతుంది. అమ్ముడయ్యాక తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, హమాలీ, దడ్వాయి (తూకందారు) కూలి, ఇంకేవో కోతలు కనిపిస్తే కాదని మూట కట్టుకుపోలేరు. ముందు తెలిసిన ఖర్చు ధరలో సర్దుకుంటుంది, తర్వాత తెలిసిన ఖర్చు జేబులోంచి పోతుంది.

పాతబస్తీ వ్యాపారం నోటి మాట మీద నడుస్తుంది, నమ్మకమున్న చోట రాతకోతలెందుకన్నది మరో అభ్యంతరం. ఏళ్ల తరబడి ఒకే అంగట్లో కొనేవారి మధ్య అది చెల్లుతుంది, ఎందుకంటే వారి మధ్య నిర్వచనం ఎప్పుడో కుదిరిపోయింది. మధ్యలో మూడో మనిషి వస్తేనే చిక్కు. బిల్టీ (లారీ రసీదు) మీద ‘టు పే’ అని ఉంటే సరుకు విడిపించుకునేవారు కిరాయి కట్టాలి, ‘గోడౌన్ డెలివరీ’ అంటే ట్రాన్స్‌పోర్టు గోదాము దాకానే. అమ్మినవారి మాట ఎంత తియ్యగా ఉన్నా లారీ ఆఫీసు చూసేది ఆ ముక్కలనే. సరుకు పోతే మరీ ఇబ్బంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద వచ్చిన నిబంధనలు, ఎక్కువ రేటు కట్టి ఎక్కువ బాధ్యత కోరితే తప్ప, పరిహారాన్ని కిరాయికి పది రెట్ల దగ్గర ఆపేస్తాయి. రెండు వేల కిరాయికి లక్ష రూపాయల మిర్చి పంపితే మామూలుగా దక్కేది ఇరవై వేలు. మిగతా ఎనభై వేలు ఎవరివన్నది అమ్మినవారూ కొన్నవారూ ముందే తేల్చుకుని ఉండాలి.

ఖర్చు ఎవరిదో ముందే రాసి తేల్చాలనడం కొత్త డిమాండేమీ కాదు. మార్కెట్లలో ఇష్టారాజ్యపు కోతల గురించి రాయల్ వ్యవసాయ కమిషన్ 1928లోనే ఫిర్యాదు చేసింది. నిజాం రాజ్యం 1930లో హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టం తెచ్చింది, ఆంధ్ర ప్రాంతానికి 1933 మద్రాసు చట్టం వర్తించింది, రెండింటి స్థానంలో 1966 చట్టం వచ్చింది. ఆ చట్టం మార్కెట్ ఫీజు కొన్నవారే కట్టాలని స్పష్టంగా రాసింది కాబట్టి దాని గురించి తగాదా తక్కువ. అదే స్పష్టత రవాణాకూ కావాలి. మార్కెట్ కమిటీలు తక్‌పట్టీ మీద, కొనుగోలు కేంద్రాలు రసీదు మీద మూడు గళ్లు అచ్చువేయాలి: ధర ఏ చోటిది, ఎక్కింపు దింపుడు ఎవరిది, తూకం తర్వాత నష్టం ఎవరిది. ఆ గళ్లు వచ్చేదాకా, ధర వినగానే ‘ఎక్కడి దాకా?’ అని అడిగి, వచ్చిన జవాబును బిల్లు మీదే రాయించుకోండి.