తడి చెత్త ఎరువు కావాలంటే

కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, వాడిన టీ పొడి, వాడిపోయిన పూలు - వీటిని తడి చెత్త అంటాము. మన పట్టణాలలో పోగయ్యే చెత్తలో దాదాపు సగం ఇదే. దీనిని సరిగా కుళ్ళబెడితే ఎరువు అవుతుంది. లేకపోతే రోగాలకు కారణమవుతుంది.

డంపింగ్ యార్డులో ఏమి జరుగుతుంది?

గుట్టలుగా పోసిన చెత్త లోపలికి గాలి ఆడదు. అందువలన మీథేన్ వాయువు పుడుతుంది, అది మండే వాయువు. చెత్త అంటుకుంటే వచ్చే పొగ ఉబ్బసం ఉన్నవారికి చాలా హాని చేస్తుంది. చెత్త నుండి కారే నల్లని నీరు భూమిలోకి ఇంకి బావులను పాడుచేస్తుంది. ఈగలు, ఎలుకలు పెరుగుతాయి.

ఎరువు ఎలా తయారవుతుంది?

తడి చెత్తను వేరుగా తీసుకువెళ్ళి, ఎండుటాకులు కలిపి, పొడవాటి కుప్పలుగా పోసి, తరచు తిరగవేస్తారు. గాలి తగలడం వలన సూక్ష్మజీవులు బాగా పెరిగి చెత్తను తింటాయి. అప్పుడు కుప్ప లోపల 55 నుండి 65 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి పుడుతుంది. ఈ వేడి కొన్ని రోజులు నిలిస్తే చాలా రోగక్రిములు, ఈగల గుడ్లు, కలుపు గింజలు చస్తాయి. రెండు మూడు నెలలలో మట్టి వాసన గల నల్లని ఎరువు సిద్ధమవుతుంది. 2000 తర్వాతి తొలి సంవత్సరాలలో సూర్యాపేట మున్సిపాలిటీ తడి, పొడి చెత్తను ఇంటింటా వేరుగా సేకరించి, తడి చెత్తను వానపాములతో ఎరువుగా మార్చి మంచి పేరు తెచ్చుకుంది.

వేడికి లొంగనివి

గాజు పెంకులు, సూదులు, పగిలిన థర్మామీటరులోని పాదరసం, బ్యాటరీలలోని లోహాలు ఎంత వేడికైనా కుళ్ళవు. అవి ఎరువుతోపాటు పొలానికి చేరతాయి. అంతకంటే ముందు, తడి చెత్తలో పడిన సూది పారిశుద్ధ్య కార్మికుని చేతికి గుచ్చుకుంటుంది. అలా హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం ఉంది. ఇంటి వద్ద ఇన్సులిన్ తీసుకునేవారు ఈ విషయం తప్పక గుర్తుంచుకోవాలి.

మీరు చేయవలసినవి

1. వాడిన సూదులను మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. డబ్బా పూర్తిగా నిండకముందే మూసి, ఎక్కడ ఇవ్వాలో నర్సును అడగండి.

2. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, కట్టు గుడ్డలు కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వండి.

3. తడి చెత్తను ప్లాస్టిక్ సంచిలో కట్టి పారవేయకండి.

4. ఇంటి వద్ద ఎరువు చేసుకోదలిస్తే, రంధ్రాలున్న కుండలో ఒక పొర తొక్కలు, ఒక పొర ఎండుటాకులు వేసి మూత పెట్టండి. వాసన వస్తే ఎండుటాకులు ఎక్కువ వేసి కలపండి. మాంసం, ఎముకలు వేయవద్దు.

5. ఎరువు తాకిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఉబ్బసం ఉన్నవారు, చేతికి పుండ్లు ఉన్నవారు ఈ పని మరొకరికి అప్పగించడం మంచిది.

చెత్తను ఇంట్లోనే వేరుచేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో చేసిన నియమాలు కూడా చెప్పాయి. మన వంటగదిలో అది రెండు నిమిషాల పని. మనం చేయకపోతే, అదే పనిని కార్మికులు తమ చేతులతో చేయవలసి వస్తుంది.