తెరపై తొలి అక్షరం

చలనచిత్రం చూడబోయినప్పుడు, పేర్లు పడుతున్నంతసేపూ మనలో చాలామంది సీటు వెదుక్కుంటూనో, పక్కవారితో ముచ్చటిస్తూనో గడుపుతాము. కథ ఇంకా మొదలు కాలేదని మన భావం. కాని నాటకానికి నాందీప్రస్తావనలు ఎటువంటివో, చలనచిత్రానికి నామావళి అటువంటిది. రాబోయే రసాన్ని సూచించడం దాని మొదటి ప్రయోజనం; శ్రమించినవారిని పేరుపేరునా స్మరించడం రెండవది.

నేడు సెల్‌ఫోనుతోనే లఘుచిత్రాలు తీస్తున్న మన విద్యార్థులు ఈ ఘట్టాన్ని చివరి రాత్రికి వదిలివేస్తున్నారు. పెద్దలు అలా చేయలేదు. చిత్రకారుడిగా పేరొంది, ‘సాక్షి’ (1967)తో దర్శకుడైన బాపు దృశ్యాలను ముందుగా కాగితంపై గీసుకొనేవారు. సత్యజిత్ రాయ్, వర్తకుల చిట్టాలవంటి ఎర్రగుడ్డ అట్ట పుస్తకాలలో సంభాషణలు, దుస్తులు, అక్షరాల రూపాలు అన్నీ పొందుపరచేవారు.

కృష్ణా కాలువలపై పది నిమిషాల చిత్రం తీయదలచామనుకుందాం. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజి, గేట్ల కింద నురుగు, ఆపై బందరు కాలువ, చివర పొలంలోకి పారే సన్నని పిల్లకాలువ: ఈ నాలుగు దృశ్యాలు చాలు. నీరు నడిచిన దారినే పేర్లూ నడుస్తాయి. ఒక్కొక్క పలకకు నాలుగు సెకన్ల చొప్పున పన్నెండు పలకలకు 48 సెకన్లు. సెకనుకు 24 చట్రాల లెక్కన అవి 1,152 చట్రాలు. పేరును నెమ్మదిగా రెండుసార్లు చదువుకోగలిగితే ఆ వ్యవధి సరిపోయినట్లే.

అక్షరాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. పంక్తులు దగ్గరైతే ఒకదానికొకటి తగులుతాయి. ఉర్దూ నస్తాలీఖ్ కుడివైపు ఎగువనుండి ఎడమవైపు దిగువకు వాలుతుంది. దానికి ఎత్తు కావాలి. కనుక రెండు లిపులనూ ఒకే కొలతలో ఇరికించరాదు. తెల్లని నురుగుపై తెల్లని అక్షరం కనిపించదు. నీడ ఉన్నచోటనే దానికి స్థానం.

ఇక ఈ ప్రణాళికనంతా నమోదు చేయాలి. ఒక నోటుపుస్తకంలో గడులు గీసి పలక సంఖ్య, దృశ్యం, పేరు, ధ్వని, వ్యవధి వ్రాయండి. మార్పు చేస్తే పాతదాన్ని చెరపకుండా తేదీ వేసి, కారణం పక్కన వ్రాయండి. ఎవరి పేరు ఏ వర్ణక్రమంలో ఉండాలో వారిచేతనే వ్రాయించి సంతకం తీసుకోండి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? నేనెరిగిన ఒక విద్యార్థిబృందం చిత్రంలో ఉర్దూ అక్షరాలన్నీ వ్రాసిన కుర్రవాని పేరే పడలేదు. ఎవరికీ దురుద్దేశం లేదు. జాబితా ఎవరివద్దా లేదు, అంతే. ప్రదర్శనకు అతని తండ్రి పని మానుకొని వచ్చాడు. దీపాలు వెలిగిన తర్వాత కూడా ఆయన తెరవైపే చూస్తూ కూర్చున్నాడు. అందరి పేర్లూ ఆ కుర్రవాని చేతివ్రాతలోనే ఉన్నాయి. అతని పేరు తప్ప.

మరొక మాట. ‘పథేర్ పాంచాలీ’ (1955) కోసం రాయ్ సిరాతో గీసిన చిత్రాల పుస్తకాన్ని పారిస్‌లోని చలనచిత్ర భాండాగారానికి బహూకరించారు. తరువాత అది అక్కడ కనబడకుండా పోయింది. అంతటివాని పుస్తకానికే ఆ గతి పట్టినప్పుడు మన నోటుపుస్తకానికి ఒక నకలు తప్పనిసరి. ఒకటి మీ దగ్గర ఉంచుకొని, రెండవది కళాశాల గ్రంథాలయానికి ఇవ్వండి. వచ్చే సంవత్సరం కెమెరా పట్టే తమ్ముడో చెల్లెలో మీరు పొరబడిన చోటునుండి కాక, మీరు ఆగిన చోటునుండి మొదలుపెడతారు.